కమిటీలో ఖాళీలు పడితే ఉన్నవాళ్లే కొత్తవాళ్లను వేసుకోవచ్చా?

చదివేవాళ్లకు తెలియాలి కాబట్టి మీ ప్రశ్న ముందు రెండు ముక్కల్లో చెబుతాను. 1986లో రిజిస్టరైన ఊరి గ్రంథాలయ సంఘం మీది. కార్యవర్గం పదకొండు మంది. ఇద్దరు కాలం చేశారు. ఒకాయన కూతురి దగ్గరుందామని హైదరాబాద్ వెళ్లిపోయారు. ఇంకొకాయన ఊళ్లోనే ఉన్నా రెండేళ్లుగా మీటింగు మొహం చూడలేదు. మిగిలింది ఏడుగురు. మూడేళ్ల కాలంలో ఇంకా పద్నాలుగు నెలలుంది. ఎన్నిక పెడితే ఊరు రెండు ముక్కలవుతుందని పెద్దలకు భయం, అందుకని "మనమే కూర్చుని నలుగుర్ని వేసేసుకుందాం" అంటున్నారు. వేసుకోవచ్చా, వేసుకుంటే ఎవర్ని, ఎలా అని అడిగారు.

వేసుకోవచ్చండి, మీ బైలాలో, అంటే సంఘం నియమావళిలో, ఆ మాట ఉంటే. అయితే అలా వేసుకున్నవాళ్లు వచ్చే జనరల్ బాడీ (సభ్యులందరి సభ) దాకానే. ఆ సభ సరేనంటే మిగిలిన పద్నాలుగు నెలలు ఉంటారు, అంతకు మించి ఒక్క రోజు కూడా ఉండకూడదు. ఇంకో మాట. ఒక ఖాళీ నింపుకోవడం వేరు, పదకొండులో నాలుగు నింపుకోవడం వేరు. మూడో వంతు కమిటీని ఏడుగురు కలిసి తయారుచేస్తున్నారంటే అడిగేవాడు అడుగుతాడు. అడగాలి కూడా.

నేను ముప్పై ఏళ్లు సహకార సొసైటీలో ఉద్యోగం చేశాను. రిటైరయ్యాక అమలాపురం చుట్టుపక్కల నాలుగైదు సంఘాలకు మినిట్స్ పుస్తకాలు రాసిపెట్టడం, రాసినవి దిద్దడం నా పనైపోయింది. గుడి ఉత్సవ కమిటీ, పూర్వ విద్యార్థుల సంఘం, లైబ్రరీ, ఏదైనా సరే గొడవ మొదలయ్యేది ఎప్పుడూ ఈ ఖాళీల దగ్గరే. ఎన్నికలప్పుడు పెద్దగా గొడవలుండవు, అప్పుడు అందరూ కళ్లు తెరుచుకునే ఉంటారు కదా.

ముందు బైలా తెరవండి. మీ సంఘం పుట్టిన రోజుల్లో కోస్తా జిల్లాల్లో సొసైటీలన్నీ 1860 నాటి 21వ నంబరు చట్టం కింద రిజిస్టరయ్యేవి. ఇప్పుడు నడిచేది రాష్ట్రం 2001లో తెచ్చిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. చట్టం మారినా చాలా సంఘాల బైలాలు ఆ పాత టైపు కాయితాల్లోనే ఉన్నాయి. కార్బన్ కాపీ మీద అక్షరాలు ఊదా రంగులోకి పోయుంటాయి, అయినా అందులో ఉన్నదే మీకు చెల్లుతుంది. మూడు సంగతులు వెతకండి. మధ్యలో ఖాళీ పడితే నింపే అధికారం కార్యవర్గానిదా, సర్వసభ్య సభదా? నింపితే ఎప్పటిదాకా? కోరం, అంటే సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస సంఖ్య, లెక్క ఎలాగ? అసలు ఖాళీల ప్రస్తావనే లేకపోతే మీ ఏడుగురికీ ఆ అధికారం లేనట్టే లెక్క పెట్టుకుని నేరుగా జనరల్ బాడీకి వెళ్లండి.

కోరం దగ్గర ఒక మెలిక ఉంది. "కార్యవర్గ సభ్యుల్లో మూడింట రెండు వంతులు" అని ఉంటే అది పదకొండు మీద లెక్కా, బతికున్న తొమ్మిది మీద లెక్కా? పదకొండు మీదైతే ఎనిమిది మంది కావాలి, మీరు ఏడుగురే. ఇక్కడే బండి దిగబడుతుంది. ఇది పల్లెటూరి సంఘాలకే వచ్చే కష్టమనుకోకండి. సాహిత్యానికి నోబెల్ బహుమతి ఇచ్చే స్వీడిష్ అకాడమీలో పద్దెనిమిది కుర్చీలు, జీవితకాల సభ్యత్వం, ఖాళీ పడితే కొత్తవాళ్లను సభ్యులే ఎన్నుకుంటారు. ఎన్నుకోవాలంటే పన్నెండు మంది ఉండాలి. 2018లో లోపల పెద్ద గొడవై కొందరు లేచిపోయారు. పనిచేసేవాళ్లు పన్నెండు కంటే తగ్గిపోయారు. రాజీనామా అనే మాటే వాళ్ల నియమాల్లో లేదు, కాబట్టి లేచిపోయినవాళ్ల కుర్చీలు ఖాళీ అయినట్టూ కాదు. కొత్తవాళ్లను తీసుకుందామంటే సంఖ్య చాలదు. చివరికి స్వీడన్ రాజుగారు కలగజేసుకుని నియమాలు సవరిస్తేగానీ కదల్లేదు. ఆ ఏడాది బహుమతి మరుసటి ఏడాదికి వాయిదా పడింది. మన సంఘాలకు ఏ రాజూ రాడు. ఏడుగురున్నప్పుడే మేలుకోండి, అయిదుగురయ్యాక ఎవరూ ఏమీ చేయలేరు.

ఇక అసలు మీకు ఖాళీలు ఎన్ని? నాలుగు అంటున్నారు. నేనైతే రెండే అంటాను. పోయినవాళ్లవి రెండూ ఖాళీలే, అయితే వాటికి కూడా కాయితం కావాలి. సంతాప తీర్మానం అందరూ రాస్తారు, రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. దాని కిందనే "వారి స్థానము ఖాళీ అయినట్లు నమోదు చేయడమైనది" అనే రెండో తీర్మానం రాయడం మర్చిపోతారు. హైదరాబాద్ వెళ్లినాయన రాజీనామా ఉత్తరం ఇచ్చారా? లేకపోతే ఆయన ఇంకా సభ్యుడే. ఫోన్ చేసి, పెద్దాయన్ని నొప్పించకుండా, సంతకం పెట్టిన కాయితం తెప్పించుకోండి. వాట్సాప్‌లో "సరే బాబూ మీ ఇష్టం" అన్న ముక్క రాజీనామా కాదు. రెండేళ్లుగా రానాయన సంగతి ఇంకా జాగ్రత్త. వరసగా మూడు సమావేశాలకు చెప్పకుండా రాకపోతే సభ్యత్వం పోతుందని చాలా బైలాల్లో ఉంటుంది. ఉన్నా సరే, ఆ మూడు సమావేశాలకూ ఆయనకు నోటీసు ముట్టిందని మీరు చూపించగలగాలి. నోటీసు బుక్కులో ఆయన సంతకం లేకపోతే ఆయన రాకపోవడం తప్పు కాదు, మీరు పిలవకపోవడం తప్పవుతుంది. ముందు ఒక ఉత్తరం ఇవ్వండి, పదిహేను రోజులు గడువు పెట్టండి. ఒక్కోసారి ఆ ఉత్తరంతోనే మనిషి నవ్వుకుంటూ మీటింగుకు వచ్చేస్తాడు. అప్పుడు ఒక ఖాళీ తగ్గినట్టే.

కాలపరిమితి విషయంలో చట్టాలన్నీ దాదాపు ఒకే దారిలో వెళ్తాయి. కంపెనీల చట్టం 2013లో మధ్యలో డైరెక్టరు స్థానం ఖాళీ అయితే బోర్డు నింపుకోవచ్చు, కానీ ఆ వెంటనే వచ్చే సభలో వాటాదారులు ఆమోదించాలి, కొత్తాయన పదవి పాతాయన పదవి ముగిసే రోజుతోనే ముగుస్తుంది. సహకార సంఘాల కోసం 97వ రాజ్యాంగ సవరణలో రాసింది ఇంకా బాగుంటుంది. మిగిలిన కాలం సగం కంటే తక్కువుంటేనే బోర్డు తనంత తాను ఖాళీ నింపుకోవచ్చు, అదీ ఏ వర్గానికి చెందిన స్థానం ఖాళీ అయిందో ఆ వర్గం నుంచే. ఆ సవరణ 2012 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. ఒకే రాష్ట్రంలో పనిచేసే సహకార సంఘాలకు అది వర్తించదని 2021 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది, బహుళ రాష్ట్ర సంఘాలకే మిగిలింది. మీది సహకార సంఘమే కాదు, కాబట్టి మిమ్మల్ని అది కట్టిపడేయదు. అయినా ఆ సగం గీత నాకు నచ్చుతుంది. సగానికి పైగా కాలం ఉందంటే సభ్యుల్నే అడగాలి, తక్కువుంటే ఉన్నవాళ్లు సర్దుకోవచ్చు. మీకు ముప్పై ఆరులో పద్నాలుగు నెలలే మిగిలాయి, కాబట్టి పెద్దల మాటలో న్యాయం లేకపోలేదు.

చట్టం సంగతి వదిలి ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఎవర్ని వేసుకోవాలి?

లోపలివాళ్లు ఎంచుకుంటే తమలాంటివాళ్లనే ఎంచుకుంటారు. చెడ్డవాళ్లై కాదు. మీటింగయ్యాక టీ తాగుతూ "ఎవర్నేద్దాం?" అనుకుంటే నోటికొచ్చేది తెలిసిన పేరే కదా. మా లైబ్రరీలో ఒకప్పుడు పదకొండు మందిలో ఎనిమిది మంది ఒకే వీధి. మీటింగయ్యాక అందరం ఒకే దారిన ఇంటికి నడిచేవాళ్లం, తీర్మానాలు సగం ఆ దారిలోనే అయిపోయేవి. ఒకరి వియ్యంకుడు ఇంకొకరికి బావమరిది. కాలవ అవతలి పేటలో లైబ్రరీ కార్డున్నవాళ్లు అరవై మందికి పైనే, కమిటీలో ఒక్కరు లేరు. అది మాకు తప్పనిపించలేదు, ఎందుకంటే తప్పని అనేవాళ్లు ఆ గదిలో లేరు.

వెయ్యేళ్ల కిందటివాళ్లకు ఈ జబ్బు మనకంటే బాగా తెలుసు. కంచి దగ్గర ఉత్తరమేరూరులో 10వ శతాబ్దపు పరాంతక చోళుడి నాటి శాసనం ఉంది. ఊరి సభకు మనుషుల్ని ఎలా తీసుకోవాలో అందులో చెక్కించారు. వయసు ముప్పై అయిదుకు డెబ్బైకి మధ్య ఉండాలి. గడిచిన మూడేళ్లలో పనిచేసినవాడు పనికిరాడు. లెక్కలు అప్పజెప్పనివాడు పనికిరాడు, వాడి బంధువులూ పనికిరారు. అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి చిన్నపిల్లాడి చేత తీయించేవారు. భూమి, చదువు అంటూ పెట్టిన అర్హతలు ఆ కాలపువి, వాటి జోలికి పోనక్కర్లేదు. ఆ బంధువుల షరతు ఒక్కటి మాత్రం ఎత్తి మీ బైలాలో పెట్టుకోండి.

మా లైబ్రరీలో మూడు ఖాళీలు పడ్డప్పుడు ఏం చేశామో చెబుతాను. ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాం. నేనొక షరతు పెట్టాను, గంటసేపు ఎవరూ మనిషి పేరు ఎత్తకూడదని. తెల్లకాయితం మీద జరగని పనులు మాత్రమే రాయాలి. మొదట్లో ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. చెక్కు మీద రెండో సంతకం చేసేవాడు పోయాడు, బ్యాంకు ఖాతా నాలుగు నెలలుగా కదల్లేదు. స్టాకు రిజిస్టరు రెండేళ్లుగా ఎవరూ సరిచూడలేదు. పడమటి గోడ వానాకాలం చెమ్మెక్కి కింది అర పుస్తకాలకు చెద పట్టింది. పోటీ పరీక్షలు రాసే పిల్లలు పొద్దున్న అయిదున్నరకే తెరవమంటున్నారు, తాళం ఎవరి దగ్గరుండాలి? ఆడపిల్లలు సాయంత్రం పూట అసలు రావడం లేదు, ఎందుకు?

ఆ కాయితం చూశాక తమాషా జరిగింది. అప్పటిదాకా అందరి నోళ్లలో నానుతున్న పేరు ఒకటుంది, రిటైరైన పెద్ద ఆఫీసరు గారు. మంచి మనిషే. ఏడాదిలో ఎనిమిది నెలలు బెంగళూరులో కొడుకు దగ్గరుంటారు. కాయితం మీదున్న ఒక్క పనికీ ఆయన సరిపోలేదు. లైబ్రరీ ఎదురుగా పాల కేంద్రం నడిపే కుర్రాడు తెల్లారకట్ల నాలుగున్నరకే అక్కడుంటాడు, తాళం సంగతి అతనితో తేలిపోయింది. లెక్కలకు కాలవ అవతల పేటలో డ్వాక్రా గ్రూపు రెండో లీడరు ఒకావిడ దొరికారు. గ్రామ సంఘం పుస్తకాలు రాసి రాసి ఆవిడ చెయ్యి తిరిగిపోయింది. ఇంటికెళ్లి అడిగితే ఆవిడ తిరిగి అడిగిన మొదటి ప్రశ్న, "మీటింగు ఎన్నింటికండి?" అని. ఏడింటికన్నాం. "ఏడింటికి వంటలండి, ఎలా వస్తానండి? మూడింటికి పెట్టండి, వస్తాను" అన్నారు. పాతికేళ్లుగా ఏడింటికే పెడుతున్నాం, మాలో ఎవరికీ తట్టలేదు. ఆడవాళ్లు ఎందుకు రావడం లేదన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరికింది.

ఇక్కడ మేము చేసిన పొరపాటూ చెప్పాలి. పాల కేంద్రం కుర్రాడికి సంఘంలో సభ్యత్వమే లేదు, ఉత్త పాఠకుడు. సభ్యుడు కానివాణ్ని కార్యవర్గంలోకి తీసుకుని నెల తర్వాత నాలుక కరుచుకున్నాం. ఆ తీర్మానం రద్దు చేసి, సభ్యత్వం ఇప్పించి, జనరల్ బాడీ దాకా ఆగి మళ్లీ తీసుకోవాల్సొచ్చింది. మీరు ఎవర్ని అనుకున్నా ముందు సభ్యుల రిజిస్టరులో పేరుందా, ఈ ఏడాది చందా రసీదుందా చూసుకోండి. ఓటు వేయాలన్నా, పదవిలోకి రావాలన్నా సభ్యత్వం ఇంతకాలం నిండి ఉండాలని కొన్ని బైలాల్లో ఉంటుంది, అదీ చూడండి.

ఆఫీసరు గారినేం చేశారంటారా? ప్రత్యేక ఆహ్వానితులుగా పెట్టుకున్నాం. ఊళ్లో ఉన్నప్పుడు వస్తారు, సలహా చెబుతారు, ఓటుండదు. ఇది చిన్నచూపేమీ కాదు. ఆ 97వ సవరణలోనే బోర్డు ఇద్దరు నిపుణుల్ని అదనంగా కోఆప్ట్ చేసుకోవచ్చు (అంటే ఉన్నవాళ్లే ఎంచి చేర్చుకోవచ్చు), వాళ్లకు సంఘం ఎన్నికల్లో ఓటు లేదు, పదవికి పోటీ చేయకూడదు. మన కొబ్బరి రైతులు పెట్టుకుంటున్న ఉత్పత్తిదారుల కంపెనీల్లోనూ నిపుణ డైరెక్టర్లు మొత్తంలో అయిదో వంతు మించకూడదు, ఛైర్మన్ ఎన్నికలో వాళ్లు ఓటెయ్యకూడదు. తెలివి కావాలి, పెత్తనం మాత్రం సభ్యుల దగ్గరే ఉండాలి అన్నది లెక్క.

కోఆప్షన్‌కు ఇంకో మంచి వాడకం కూడా ఉంది. ఓట్లలో నెగ్గి రాలేనివాళ్ల గొంతు లోపలికి తేవడం. మండల పరిషత్తులో మైనారిటీల నుంచి ఒకరిని, జిల్లా పరిషత్తులో ఇద్దర్ని కోఆప్ట్ చేసుకునేది అందుకే. ఆ కుర్చీ ఏ పార్టీవాడికి దక్కుతుందన్నది అసలు ఉద్దేశాన్ని మింగేస్తుంటుంది, అది వేరే బాధ. మీ లైబ్రరీలో మాత్రం ఆ ఉద్దేశాన్ని నిలబెట్టుకోవచ్చు. చదవడానికి వచ్చేవాళ్లలో ఏ పేట, ఏ వయసు కమిటీలో అసలు లేదో చూసుకుని ఒక కుర్చీ వాళ్ల కోసం ఉంచండి.

పెద్దల భయం గురించి. ఎన్నికతో ఊరు చీలుతుందనేది మన వైపు పాత మాట. నేను చూసినంతలో ఎన్నికతో చీలింది ఒకటైతే, తెలియకుండా వేసుకున్న పేర్లతో చీలినవి మూడు. ఏకగ్రీవం అంటే అందరూ ఒప్పుకున్నారని కాదు, అడ్డం చెప్పేవాడు ఆ రోజు రాలేదని అర్థం, చాలాసార్లు. మధ్యేమార్గం ఒకటుంది. ఖాళీలున్నాయని, ఫలానా పనులకు మనుషులు కావాలని, సభ్యులు ఎవరైనా పేరు ఇవ్వొచ్చని లైబ్రరీ గోడ మీద పదిహేను రోజులు కాయితం అంటించండి. వచ్చిన పేర్లు కార్యవర్గంలో చీటీల మీద రాయండి. సొంత బంధువు పేరు ఎవరూ రాయకూడదు. ఎక్కువ చీటీలు వచ్చినవాళ్లను తీసుకుని, సభలో చేతులెత్తించి ఖాయం చేయండి. ఇద్దరు సమానమైతే పిల్లాడి చేత చీటీ తీయించండి. చీటీలో ఓడిపోయినవాడికి ఎవరి మీదా కోపముండదు, మహా అయితే తన అదృష్టాన్ని తిట్టుకుంటాడు.

డబ్బు తిరిగే సంఘమైతే ఇంకో లెక్కుంటుంది, మీకు అక్కర్లేదు గానీ చదివే అక్కచెల్లెళ్లకు పనికొస్తుంది. డ్వాక్రా గ్రూపులో ఒకరు మానేసి కొత్తావిడ చేరితే, పాతవాళ్ల పొదుపు అప్పటికే ఎన్నో వేలు పేరుకుని ఉంటుంది. ఆవిడ అంతా ఒకేసారి కట్టాలా, విడతలుగానా, అప్పటిదాకా వడ్డీలో వాటా ఉందా లేదా అన్నది చేర్చుకునే రోజే పుస్తకంలో రాసుకోవాలి. లోను వచ్చాక మాట్లాడుకుంటే ఎవరికి తోచింది వాళ్లంటారు.

చివరగా పుస్తకం సంగతి. చాలా ఏళ్ల కిందట ఒక సంఘంలో "ఖాళీ స్థానములలో ఈ క్రింది వారిని తీసుకొనుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది" అని రాసి, కింద నాలుగు గీతలు ఖాళీ వదిలి అందరి చేతా సంతకాలు పెట్టించారు. పేర్లు వారం తర్వాత పడ్డాయి. తీర్మానం నీలం ఇంకు, పేర్లు నల్ల బాల్‌పెన్ను. జాగా చాలక మూడో పేరు తోక ఒక సంతకం మీదకెక్కింది. రెండేళ్లకు తగాదా జిల్లా కోర్టుకు పోయింది (2001 చట్టం కింద సభ్యుల తగాదా మధ్యవర్తిత్వానికైనా వెళ్లాలి, జిల్లా కోర్టుకైనా వెళ్లాలి). అవతలి ప్లీడరు గారు పెద్దగా వాదించింది లేదు, ఆ పేజీ తీసి చూపించారంతే. ఆ సంతకాల్లో నాదీ ఉంది. అప్పట్నుంచి నేను తీర్మానం ఆఖరి అక్షరం పక్క నుంచి అంచుదాకా గీత కొట్టందే పెన్ను ఎవరికీ ఇవ్వను.

మీరు రాసుకోవాల్సింది ఇంతే: "ఫలానా వారి మరణము వలన ఖాళీ అయిన స్థానమున, బైలా నంబరు ఇంత ప్రకారము, సభ్యుడు ఫలానా వారిని, వారి లిఖితపూర్వక అంగీకారముతో, రాబోవు సర్వసభ్య సమావేశ ఆమోదమునకు లోబడి, ప్రస్తుత కార్యవర్గ కాలము ముగియు వరకు తీసుకోవడమైనది." ఒక్కొక్క ఖాళీకి ఒక్కొక్క తీర్మానం. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎవరైనా వద్దన్నారా, అన్నీ రాయండి. వద్దన్నవాళ్ల పేరు రాయడానికి మొహమాటపడకండి, అది వాళ్ల హక్కు. వార్షిక సర్వసభ్య సమావేశం అయ్యాక పదిహేను రోజుల్లో కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో ఇవ్వాలి. దాని నకలు, తీర్మానం నకలు పట్టుకెళితేగానీ బ్యాంకువాళ్లు చెక్కు సంతకాలు మార్చరు.

జనరల్ బాడీ మాత్రం వేసవిలోనే పెట్టండి, కాలవలు కట్టేసిన రోజుల్లో. దాళ్వా (రెండో పంట) కోతలు అయిపోయి జనం ఖాళీగా ఉంటారు. జూన్‌లో నీళ్లు వదిలి సార్వా (మొదటి పంట) నారుమళ్లు మొదలయ్యాయంటే మీకు కోరం రాదు, మళ్లీ సంక్రాంతి దాకా ఆగాలి. అన్నట్టు, పోయిన ఇద్దరిలో ఒకరు పాత సెక్రటరీ గారని రాశారు. మినిట్స్ పుస్తకం ఇంకా వాళ్లింట్లోనే ఉందేమో, ముందు వెళ్లి అది తెచ్చుకోండి.